ఇల్లు, ఉద్యోగం, సీరియల్: రచయితల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం సొంతంగా సీరియళ్లు ప్రచురించుకుంటున్న వారివి. వెనుక సంపాదకుడు గానీ ప్రచురణ సంస్థ గానీ లేకుండా, ఫోన్‌లో టైపు చేసి, తామే దిద్దుకొని, తామే విడుదల చేసుకొనే రచయితలు వీరు. వీరి ఇబ్బందులు చాలావరకు ఒకే చోట మొదలవుతున్నాయి కాబట్టి మొదటి ఉత్తరానికి విపులంగానూ, మిగిలిన వాటికి అవసరమైన మేరకూ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నమస్కారం. నేను ఒక ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తున్నాను. ఇద్దరు పిల్లలు, మోకాలి ఆపరేషన్ జరిగిన అత్తగారు మా దగ్గరే ఉంటున్నారు. ప్రతిలిపి అనే ఆన్‌లైన్ వేదికలో ఒక కుటుంబ నవలను భాగాలుగా రాస్తున్నాను. మొదట్లో ఉత్సాహం కొద్దీ వారానికి మూడు భాగాలు పెడతానని పాఠకులకు చెప్పేశాను. ఇప్పుడు అందరూ పడుకున్నాక, ఆ రాత్రి ఏది తోస్తే అది రాసి వెంటనే పెట్టేస్తున్నాను. కథ పట్టు తప్పుతోందని నాకే తెలుస్తోంది. తెల్లవారుజామున నాలుగింటికి లేవమని కొందరు సలహా ఇచ్చారు. అసలు ఆపేయడమే మేలంటారా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ఆపవద్దమ్మా. అయితే ఇప్పటి పద్ధతిలో కొనసాగించనూ వద్దు. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టినది మీ నిద్రలేమి, ఆ తరువాతది ఏ రాత్రి రాసిన భాగాన్ని ఆ రాత్రే ప్రచురిస్తున్నానన్న మాట. వారపత్రికలు వెలిగిన రోజుల్లో రచయిత రాసిన కాగితాలు సంపాదకుడి బల్ల మీదికి వెళ్లేవి. ప్రూఫులు దిద్దేవారూ, బొమ్మ వేసే చిత్రకారుడూ, అచ్చుపని చూసేవారూ తలా ఒక చెయ్యి వేశాకే అవి పాఠకుడికి చేరేవి. ఆ పనులన్నిటికీ సమయం కావాలి కాబట్టి రాయడానికీ అచ్చు కావడానికీ మధ్య ఎంతో కొంత ఎడం తప్పనిసరిగా ఉండేది. ఇంట్లో జ్వరాలు వచ్చినా, బంధువుల పెళ్లిళ్లు పడినా ఆ ఎడమే రచయితను కాపాడేది. ఇప్పుడు ఆ పనులన్నీ మీరొక్కరే చేస్తున్నారు, ఎడం మాత్రం పూర్తిగా పోయింది. మీ కథ పట్టు తప్పడానికి కారణం మీ ప్రతిభలో లోపం కాదు, ఈ ఎడం లేకపోవడమే.

తెల్లవారుజాము సలహా గురించి ఒక మాట చెప్పాలి. ఉద్యోగం చేస్తూ నవలలు రాసినవారి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆంగ్ల నవలాకారుడు ఆంథనీ ట్రాలప్ పేరు వినిపిస్తుంది. ఆయన 1834 నుంచి 1867 వరకు బ్రిటిష్ తపాలా శాఖలో పనిచేశాడు. రోజూ ఉదయం అయిదున్నరకే బల్ల ముందు కూర్చొని, గడియారం ఎదురుగా పెట్టుకొని, పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. ఇంతవరకు అందరూ చెబుతారు. 1883లో వెలువడిన ఆత్మకథలో ఆయనే రాసుకున్న మరో సంగతిని మాత్రం ఎవరూ చెప్పరు: ఆయనను నిద్రలేపి కాఫీ అందించడానికి ఒక ముసలి సేవకుడు ఉండేవాడు, ఆ పనికి ఏడాదికి అయిదు పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు, తన విజయానికి అందరికంటే ఎక్కువగా ఆ మనిషికే రుణపడి ఉన్నానేమో అని కూడా అన్నాడు. పిల్లల టిఫిను డబ్బాల కోసం ఎలాగూ అయిదింటికే లేచే మీకు, మరో గంట ముందు లేవమని చెప్పేవారు ఆ కాఫీ ఎవరు పెడతారో కూడా చెప్పాలి. మీ ఇంట్లో వారానికి రెండు సాయంత్రాలు, గంటన్నర చొప్పున, వంటా పిల్లల హోంవర్కూ మీ భర్త పూర్తిగా చూసుకొనేలా మాట్లాడుకోండి. "వీలున్నప్పుడు సాయం చేయండి" అని అడగకండి. ఏ రోజులో, ఏ పనులో ముందే తేల్చుకోండి. ఇది అడగడానికి మీరు మొహమాటపడుతున్నట్లు ఉత్తరం చదివితే అనిపించింది. దయచేసి అడగండి.

ఇక సీరియల్ సంగతి. ఈ వారమే పాఠకులకు ఒక చిన్న ప్రకటన పెట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాల విరామం తీసుకోండి, తిరిగి వచ్చే తేదీ కూడా అందులోనే చెప్పండి. ఆ విరామంలో మొట్టమొదట చేయవలసింది ముగింపును నిర్ణయించుకోవడం. చివరి సన్నివేశం ఏమిటో, అక్కడికి చేరడానికి ఇంకా ఏయే సంఘటనలు జరగాలో తెలియకపోతే ప్రతి రాత్రీ కథను మళ్లీ కొత్తగా వెతుక్కోవలసి వస్తుంది, అలసిపోయిన మనిషి చేయలేని పని అదే. దానితోపాటు ఒక నోటు పుస్తకంలో పాత్రల పేర్లు, వయసులు, వరుసలు, ఎవరికి ఏ రహస్యం ఎప్పుడు తెలిసిందో రాసి పెట్టుకోండి. పదో భాగంలో మేనత్తగా వచ్చిన పాత్ర నలభయ్యో భాగంలో పిన్ని అయిపోతే పాఠకులు క్షమించరు, అది న్యాయమే కూడా. ఆ తరువాత రాయడం మొదలుపెట్టి, కనీసం ఎనిమిది భాగాలు చేతిలో ఉన్నప్పుడే మళ్లీ ప్రచురణ ప్రారంభించండి. ఒకటి ప్రచురిస్తే ఒకటి రాయాలి. నిల్వ నాలుగుకు తగ్గితే మళ్లీ విరామం ప్రకటించాలి.

వారానికి ఎన్ని భాగాలు అన్నదానికి నా లెక్క వేరు. తీరికగా ఉన్న వారాన్ని చూసి మాట ఇవ్వకండి. మార్చి నెలాఖరున బ్యాంకులో ఖాతాలు ముగించే రోజుల్లో, పిల్లల పరీక్షలు కూడా అప్పుడే పడినప్పుడు మీరు ఎంత రాయగలరో అంతే పాఠకులకు మాట ఇవ్వండి. మీ విషయంలో అది వారానికి ఒక భాగం కావచ్చు, రెండు వారాలకు ఒకటైనా తప్పులేదు. భాగాలు తగ్గిస్తే చదివేవారి సంఖ్య కొంత తగ్గుతుంది, అది నిజం. రోజూ కొత్త భాగం కోరేవారు మరో సీరియల్‌కు వెళ్తారు, మీ పాత్రల కోసం వచ్చేవారు ఆదివారం దాకా ఆగుతారు. వ్యాఖ్యలకు జవాబులు వారానికి ఒక్కసారి, ఒకే పూట ఇవ్వండి. ట్రాలప్ అలవాటు ఒకటి మాత్రం మీకు నిజంగా పనికొస్తుంది: ఆయన మొదటి అరగంట ముందు రోజు రాసినదాన్ని చదువుకోవడానికే కేటాయించేవాడు. మూడు నాలుగు రోజుల ఎడంతో రాసే మీకు ఆ చదువు మరింత అవసరం.

ప్రశ్న: నాన్నగారు ఆసుపత్రిలో ఉండటం వల్ల నెలన్నర పాటు నా సీరియల్ ఆగిపోయింది, ఏమీ చెప్పలేకపోయాను. ఇప్పుడు ఏ ముఖంతో మళ్లీ మొదలుపెట్టను? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: ముందుగా, నాన్నగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. 1837 మే నెలలో చార్లెస్ డికెన్స్ ఏకకాలంలో రెండు సీరియళ్లు రాస్తున్నాడు. పదిహేడేళ్ల మరదలు మేరీ హోగార్త్ ఆయన ఇంట్లోనే హఠాత్తుగా చనిపోయింది. ఆ దుఃఖంలో ఆయన ఏమీ రాయలేక రెండింటినీ ఒక నెల నిలిపివేశాడు, మళ్లీ మొదలుపెట్టినప్పుడు పాఠకులకు కారణం చెప్పుకున్నాడు. పాఠకులు ఆయనను విడిచిపెట్టలేదు. మీరూ రెండు వాక్యాలలో కారణం చెప్పండి, ఆసుపత్రి వివరాలు అక్కర్లేదు. మన వారపత్రికల్లో ఉండే "జరిగిన కథ" వంటి చిన్న పేరాను కొత్త భాగానికి ముందు చేర్చండి. పోగొట్టుకున్న వారాలను పూడ్చడానికి ఒకేసారి నాలుగు భాగాలు పెట్టవలసిన అవసరం లేదు. నాన్నగారి దగ్గర మీరు ఇంకా ఉండవలసి వస్తే ఆ పనే ముందు.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. సీరియల్ వల్ల కొద్దిపాటి ఆదాయం వస్తోంది. అనుమతి తీసుకోవాలా? (ఒక పాఠకురాలు, నల్లగొండ)

జవాబు: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని 15వ నియమం, విధులకు భంగం కలగకుండా అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదంటుంది. మీరు రాష్ట్ర ఉద్యోగి కాబట్టి మీకు వర్తించేది రాష్ట్ర నియమావళి. పైగా వారం వారం డబ్బు తెచ్చే సీరియల్‌ను "అప్పుడప్పుడు చేసే పని"గా అధికారులు అంగీకరించకపోవచ్చు. అందువల్ల ప్రధానోపాధ్యాయుల ద్వారా రాతపూర్వకంగా అనుమతి కోరి, దరఖాస్తు నకలును దాచుకోండి. వచ్చిన మొత్తం చిన్నదైనా ఆదాయపు పన్ను రిటర్నులో చూపించండి. బడివేళల్లో ఒక్క భాగం కూడా ప్రచురించకండి; ముందే రాసి పెట్టుకున్నదైనా సరే, విడుదల సమయాన్ని చూసి ప్రశ్నలు వేసేవారు ఉంటారు.

ప్రశ్న: ఒక ఆడియో సంస్థ నా సీరియల్‌ను కొంటామంటోంది. ఒప్పందం పంపింది. సంతకం చేసి ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: రెండు నిర్ణయాలనూ విడదీయండి. ఒప్పందంలో అన్నిటికన్నా ముందు చూడవలసినది, రోజుకో వారానికో ఎన్ని మాటలు ఇవ్వాలని రాశారో, ఇవ్వలేకపోతే ఏమవుతుందో అన్నది. సొంతంగా రాసేటప్పుడు విరామం మీ చేతిలో ఉంటుంది, సంతకం తరువాత ఉండకపోవచ్చు. తరువాత హక్కుల సంగతి చూడండి. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరిగితేనే చెల్లుతుంది. గడువు రాయకపోతే అయిదేళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమేననీ భావిస్తారు. అందుకే ఇటువంటి ఒప్పందాల్లో "శాశ్వతంగా", "ప్రపంచమంతటా" అన్న మాటలు చేర్చే ప్రయత్నం జరుగుతుంది. ఆడియో హక్కులు మాత్రమే, నిర్ణీత కాలానికి ఇవ్వండి. అచ్చు, సినిమా హక్కులు మీ దగ్గరే ఉంచుకోండి. న్యాయవాదికి చూపించకుండా సంతకం చేయకండి. ఉద్యోగం విషయానికొస్తే, కనీసం ఏడాది పాటు డబ్బు సక్రమంగా అందాక ఆలోచించండి.

ప్రశ్న: మా ఊళ్లో తెలుగు చదివేవారు చాలామంది ఉన్నారు. ముగిసిన నా సీరియల్‌ను పుస్తకంగా వేసి వారికి ఇవ్వాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి? (ఒక పాఠకుడు, హోసూరు)

జవాబు: పుస్తకాన్ని గుర్తించడానికి వాడే ఐఎస్‌బీఎన్ సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయితే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. మధ్యవర్తులకు డబ్బు చెల్లించకండి. ఎక్కువ శ్రమ రాతప్రతి దగ్గరే ఉంటుంది. పాఠకుణ్ణి వచ్చే వారం దాకా నిలపడానికి ప్రతి భాగం చివరా పెట్టిన మలుపులూ, మొదట్లో పాత సంగతిని గుర్తుచేసిన పేరాలూ పుస్తకంలో ఒకదాని వెంట ఒకటి వచ్చి విసిగిస్తాయి, వాటిని తీసేయాలి. మీరు ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే యూనికోడ్ పద్ధతిలో టైపు చేసి ఉంటారు. పుటలు కూర్చే డీటీపీ కేంద్రం, యూనికోడ్ కాని "అను" అనే పాత తరహా ఫాంట్లలో పనిచేసేదైతే మార్పిడిలో ఒత్తులూ గుణింతాలూ అక్కడక్కడా చెదిరిపోతాయి కాబట్టి, మార్చిన తరువాత పుస్తకం మొత్తాన్ని కాగితం మీద మరోసారి చదవాలి. వీలైతే ఆ చదువు మీరు కాకుండా మరొకరు చేస్తే మంచిది, సొంత వాక్యాల్లో తప్పులు కంటికి ఆనవు. ఈ పని సాగుతున్నంత కాలం కొత్త సీరియల్ ప్రకటించకండి, పాఠకులు ఎంత అడిగినా సరే.