వాచీ అమ్మాలనుకుంటున్నారా? ముందు దానికి మెరుగు పెట్టించే ఆలోచన మానుకోండి

"వరంగల్ లాంటి ఊళ్లో ఉంటూ, సొంత సేకరణలోని పరిమిత సంఖ్య వాచీని మంచి ధరకు అమ్మడం ఎలా? హైదరాబాద్ డీలర్‌కు ఇచ్చేయడమే మేలా?" అని ఒకరు అడిగారు. ఇచ్చేయకండి. మీ వాచీని చేతికి పెట్టుకుని తిరిగే మనిషి హనుమకొండలోనో, కాజీపేటలోనో, కరీంనగర్‌లోనో తప్పకుండా ఉంటాడు. ఆ మనిషి దొరికేదాకా ఆగండి. నేను ఏడు నెలలు ఆగాను.

పద్నాలుగేళ్లు దుబాయ్‌లో ఒక నిర్మాణ సంస్థలో లెక్కలు చూశాను. మా వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు వచ్చేటప్పుడు బంగారం తెచ్చుకుంటారు, నేను వాచీలు తెచ్చుకున్నాను. "బావా, ఇందులో బంగారం ఎంత?" అని మా బామ్మర్ది ఇప్పటికీ అడుగుతాడు. ఇనుప వాచీకి అంత డబ్బు పోశానంటే ఇంట్లో ఎవరికీ మింగుడు పడలేదు. వాటిలో నాకు ప్రాణమైనది ఒమేగా కంపెనీ స్పీడ్‌మాస్టర్, రోజూ కీ ఇవ్వాల్సిన స్టాప్‌వాచ్ వాచీ. మనిషిని మొదటిసారి చంద్రుడి మీద దింపిన అపోలో 11 యాత్రకు నలభై ఏళ్లు నిండిన సందర్భంగా 2009లో విడుదల చేశారు. మొత్తం 7,969 వాచీలు. ఆ యాత్ర జరిగిన 1969 ఏడో నెలను గుర్తుచేసే అంకె అది. వెనక మూత మీద ప్రతి వాచీకీ దాని వరుస సంఖ్య చెక్కి ఉంటుంది. డయలులో ఎడమ పక్కనున్న చిన్న వలయంలో వెండి పతకం, దాని మీద గద్ద.

"పరిమిత సంఖ్య" అన్న మాట చూసి ధర ఊహించుకోకండి. దాదాపు ఎనిమిది వేల వాచీలు ఉన్నప్పుడు అదేమీ దొరకని వస్తువు కాదు. ఈ కంపెనీలు ఏటా ఏదో ఒక వార్షికోత్సవం పేరు చెప్పి పరిమిత సంఖ్య అంటూనే ఉంటాయి. ధర తెచ్చేవి మూడే: పెట్టె, కాగితాలు, ఎవరూ చెయ్యి పెట్టని ఒళ్లు. నా దగ్గర దుబాయ్ బిల్లు ఉంది, వారంటీ కార్డు ఉంది, విమానాశ్రయంలో సుంకం కట్టిన రసీదు కూడా ఉంది. ఆ రసీదు చూసి కొనేవాళ్ల ముఖాలు తేటపడటం నేను కళ్లారా చూశాను. మూడోది మాత్రం పూర్తిగా మిగల్లేదు.

2019లో ఒక దుకాణంలో చైను పిన్ను మార్పించడానికి ఇచ్చాను. సాయంత్రానికి చైను కొక్కెం, అంటే చైను తగిలించడానికి వాచీ ఒంటి నుంచే పొడుచుకొచ్చిన కొమ్ము, అద్దంలా మెరుస్తోంది. "ఊరికే మెరుగు పెట్టాను సార్, డబ్బులు వద్దు" అన్నాడు. నా గుండె జారిపోయింది. స్పీడ్‌మాస్టర్ చైను కొక్కాలు మెలి తిరిగి ఉంటాయి. ఒక ముఖం నునుపు, పక్క ముఖం సన్నని గరుకు, రెండూ కలిసేచోట కత్తి అంచులాంటి గీత. మెరుగు చక్రం ఆ గీతను తినేస్తుంది. తిన్న ఇనుము మళ్లీ మొలవదు. అదృష్టం కొద్దీ ఆయన మిగతా వాచీ ఒంటి జోలికి పోలేదు, కొక్కెంతో సరిపెట్టాడు. పైనున్న అద్దం సంగతి వేరు. ఈ వాచీకి గాజు ఉండదు, హెసలైట్ అనే ప్లాస్టిక్ ఉంటుంది. దాని మీద గీతలు పడితే మెత్తని గుడ్డతో, పాలిష్ ముద్దతో రుద్ది పోగొట్టవచ్చు. కొనేవాడు దాన్ని తప్పు పట్టడు. దాని నడిమధ్యలో సూదిమొనంత ఒమేగా గుర్తు ఉంటుంది, వెలుగుకు ఏటవాలుగా పట్టి చూసుకోండి.

హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గరికి తీసుకువెళితే 3,40,000 అన్నాడు. పైగా "మొత్తం మెరుగు పెట్టించి తెస్తే ఇంకో పాతిక వేలు" అన్నాడు. వాచీ వ్యాపారం చేసే మనిషి నోట ఆ మాట వచ్చిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తిరుగు రైలు ఎక్కి వచ్చేశాను.

తరువాత తెలిసినవాళ్ల ద్వారా కాజీపేట అబ్బాయి ఒకడు ఫోను చేశాడు. హైదరాబాద్‌లో ఇంజినీరు. "నాకు నచ్చింది అంకుల్, కానీ మా బాపు చూశాకే" అన్నాడు. 2022లో ఒక ఆదివారం ఉదయం తండ్రీకొడుకులు నక్కలగుట్టలోని మా ఇంటికి వచ్చారు. తండ్రి రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన పెద్దాయన. ఎడమ చేతికి పాత హెచ్ఎంటీ, అద్దం పసుపు బారింది. బెంగళూరులో 1961లో సిటిజన్ సాయంతో మొదలుపెట్టి తయారుచేసిన ఆ వాచీలు మన ఇళ్లలో ఎన్ని పెళ్లిళ్లకు కానుకగా వెళ్లాయో లెక్కలేదు. రాత్రి ఛార్జింగ్ పెడితే తప్ప పొద్దున సమయం చెప్పని వాచీల కాలం వచ్చింది ఇప్పుడు.

ఆయన పెట్టె వైపు చూడలేదు. వాచీ అందుకుని, బొటనవేలూ చూపుడువేలూ ఆనించి మెల్లగా కీ ఇచ్చారు. ఇక తిరగనని మర మొరాయించేచోట ఆగిపోయారు. చెవికి ఆనించి కళ్లు మూసుకున్నారు. స్టాప్‌వాచ్ మీట నొక్కి, "చాయ్ తాగుదాం తమ్ముడూ" అన్నారు. అది నడుస్తూనే ఉంది. అరగంట తరువాత ఆపి, రెండో మీట నొక్కారు. పెద్ద ముల్లు చటుక్కున వెళ్లి సరిగ్గా పన్నెండు మీద నిలబడింది. వెంట్రుకవాసి అటు ఇటు ఆగినా లోపల మరమ్మతు అవసరమని అర్థమట. అప్పుడు గోరుతో వాచీ అంచులన్నీ తడుముతూ వచ్చి, చైను కొక్కెం దగ్గర ఆగారు.

"ఇక్కడ ఎవరో చెయ్యి పెట్టారు."

భూతద్దం లేదు, కళ్లజోడైనా పెట్టుకోలేదు. గోటితో పట్టేశారు. జరిగింది చెప్పాను. వెనక పక్కనున్న పొడవాటి గీత చూపించి "ఇదెక్కడిది?" అన్నారు. 2011లో షార్జా గోదాము గేటుకు తగిలిందని చెప్పాను. "ఇది ఉండనీ. దీనికి ధర తగ్గించమని అడగను, కొక్కేనికి అడుగుతాను" అన్నారు.

తరువాత డయలు మీద 02:56 జీఎంటీ అన్న చిన్న అక్షరాలు చదివారు. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు మోపిన సమయమని నేను చెప్పేలోపే వేళ్ల మీద లెక్క కట్టారు. "మన టైముకు ఐదున్నర కలిపితే ఎనిమిది ఇరవై ఆరు. సోమవారం పొద్దున. రాత్రంతా గూడ్సు మీద వచ్చి కాజీపేటలో దిగాను, హోటల్లో రేడియో చుట్టూ జనం. అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు." కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. అంతలో కొడుకు వైపు తిరిగి "రోజూ కీ ఇస్తావా? ఇవ్వనంటే కొనకు" అన్నారు. ఆ మాటతో నా మనసు స్థిరపడింది. 4,90,000కు ఇచ్చేశాను. లాకర్‌లో పెడతానన్నవాడు ఇంకో ముప్పై వేలు ఎక్కువ ఇస్తానన్నా ఇవ్వలేదు. ఇందులో నాకు రవ్వంత విచారం లేదు.

డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఒకే మనిషి నుంచి ఒకే రోజు 2 లక్షలు, అంతకు మించి నగదు పుచ్చుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. పుచ్చుకున్నంతా జరిమానాగా పడవచ్చు, అదీ పుచ్చుకున్నవాడి మీదే. మేము సోమవారం బ్యాంకులోనే కూర్చుని, డబ్బు ఖాతాలో పడ్డాక వాచీ చేతికిచ్చాను. వరుస సంఖ్య రాసి ఇద్దరమూ సంతకాలు పెట్టుకున్నాం.

ప్రకటన రాసేటప్పుడు "చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్ పెట్టుకున్న వాచీ" అని మాత్రం రాయకండి. ఆయన తన వాచీని చంద్రుడి మీద వాలిన నౌకలోనే ఉంచి దిగాడు, బయట చేతికి ఉన్నది ఆయన వెనకే దిగిన ఆల్డ్రిన్‌ది. వాచీలు తెలిసినవాడు ఆ ఒక్క వాక్యం చూసి మిగతా మాటలు కూడా నమ్మడు. అర్ధరాత్రి "ఆఖరి ధర ఎంత?" అని మాత్రమే రాసేవాళ్లకు జవాబివ్వకండి. నాకు నూటికి పైగా వచ్చాయి, వాళ్లలో ఒక్కరూ వాచీ ఎలా నడుస్తోందని అడగలేదు.

ఇంకొకటి. కొన్నప్పుడు చైను మీ మణికట్టుకు సరిపోయేలా తగ్గించి ఉంటారు కదా, ఆ తీసేసిన లింకులు పెట్టెలో ఉన్నాయో లేదో ఈ రాత్రే చూసుకోండి. నావి రెండింటిలో ఒకటి దొరకలేదు. పెద్దాయన మణికట్టుకు సరిపోయింది, కొడుకు చేతికి బిగుతైంది. ఆ ఒక్క లింకు తెప్పించడానికి వాళ్లకు మూడు నెలలు పట్టింది, అప్పటిదాకా ఆ వాచీకి రోజూ కీ ఇచ్చింది ఆయనే.