లోయా, కోనా, పరీవాహక ప్రాంతమా?

సందేహం: నాగార్జునసాగర్ కట్టకముందు నాటి సర్వే పటం ఒకటి దొరికింది. నాగార్జునకొండ చుట్టుపక్కలది. దాని మీద వ్యాసం రాసి ‘కృష్ణా పరీవాహక ప్రాంతపు పటం’ అని పేరు పెట్టాను. మిత్రుడు ‘లోయ’ అనమన్నాడు. మా నాన్నగారేమో ‘కోన’ అంటే అందంగా ఉంటుందన్నారు. ఏది సరి?

సమాధానం: ముందు మీ శీర్షిక కొట్టెయ్యండి. ఎక్కడెక్కడ కురిసిన వాన చివరికి కృష్ణలో కలుస్తుందో ఆ నేలంతా కృష్ణా పరీవాహక ప్రాంతం. అది సుమారు 2,59,000 చదరపు కిలోమీటర్లు. మైలుకు అంగుళం చొప్పున గీసిన ఒక్క షీటులో ఎలా పడుతుంది?

మూడు వైపుల నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ, నడుమ పుల్లారెడ్డిగూడెం, దాని పొలాలు. దీన్ని లోయ అంటే చాలు. ‘లో’ అన్న మాటకు చుట్టం అది. తుని వైపు దీన్నే ‘లోవ’ అంటారు. తలుపులమ్మ లోవ అక్కడిదే. ఆ అమ్మవారి మీది భక్తితో పేరు పెట్టుకున్న లోవరాజులకు తమ పేరులో ఒక లోయ ఉందని తెలుసో లేదో!

మీ నాన్నగారి చెవి మంచిదే. కానీ కోన అనగానే తలకోన, పెంచలకోన మనసులో మెదులుతాయి. ఇరుకైన కొండ సందు, దట్టమైన చెట్లు, జారే నీళ్లు. దున్నిన పొలాలున్న చోటికి ఆ మాట అతకదు. కోనసీమను అడ్డుపెట్టి వాదించకండి. అక్కడి కోన ‘మూల’ అన్న అర్థంలోది. అక్కడ కొండలే లేవు.

అడగని మాట ఒకటి. వ్యాసంలో ‘సమోన్నత రేఖలు’ అని రాసి ఊరుకోకండి. ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలిపే గీతలని ఒక్కసారైనా చెప్పండి. ఉదాహరణ మీ చేతిలోనే ఉంది. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. జలాశయం నిండిన నాడు నీటి అంచే ఒక సమోన్నత రేఖ. మీ పటంలో 600 అడుగుల గీత ఉంటే, దానికి కాస్త దిగువన వేలు పెట్టి లోయ చుట్టూ తిప్పండి. ఇప్పటి ఒడ్డు అదే. నాగార్జునకొండ శిఖరం ద్వీపంగా మిగలడం కూడా అక్కడే కనిపిస్తుంది.

శీర్షికలో ‘ముంపు లోయ’ అని మాత్రం అనకండి. పటం గీసిన నాటికి అక్కడ నాగళ్లు నడుస్తున్నాయి. ‘ముంపునకు ముందు నాగార్జునకొండ లోయ’ అనండి.