మునిగిన ఆకులో రంధ్రాలు ఏమవుతాయి?

ప్రశ్న: మాస్టారూ, అక్వేరియంలో పెడదామని లుడ్విజియా మొక్కలు తెచ్చాను. ఉన్న ఆకులన్నీ కుళ్లి రాలాయి, తర్వాత పల్చటి ఆకులు వచ్చాయి. నీటి మొక్కలకు పత్రరంధ్రాలు, అంటే ఆకు గాలి పీల్చే సన్నటి రంధ్రాలు, ఉండవని మా అబ్బాయి పాఠంలో ఉంది. పాత ఆకుల రంధ్రాలు నీళ్లలో మాయమైపోయాయా?

జవాబు: లేదమ్మా. ఒకసారి ఏర్పడిన రంధ్రం ఆకుతోనే ఉంటుంది, ఆకుతోనే పోతుంది. రంధ్రాలు వేయడం మానేసేది ఆ తర్వాత పుట్టే ఆకు. ఇలాంటి మొక్కల్ని నర్సరీల్లో ఎక్కువగా ఆకులు నీటికి పైన, గాలిలో ఉండేలా పెంచుతారు. ఆ ఆకులకు మైనపు పూత, మందం ఉంటాయి. నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు నిదానంగా వ్యాపిస్తుంది. అంత మందపు ఆకులోకి అది చాలినంత చేరదు. కొత్త ఆకు పల్చన, పూతా నామమాత్రం, కాబట్టి ఒళ్లంతా పీల్చుకుంటుంది. నీళ్లలో మునిగి పెరిగే హైడ్రిల్లా ఆకైతే చాలావరకు రెండు కణాల మందమే!

రంధ్రం పుట్టేది ఆకు లేతగా ఉన్నప్పుడే. పైపొరలో ఒక కణం చిన్నదీ పెద్దదిగా చీలుతుంది. ఆ చిన్నదాని నుంచే చివరికి రంధ్రాన్ని తెరిచి మూసే రెండు రక్షక కణాలు తయారై, వాటి మధ్య సందు తెరుచుకుంటుంది. ఈ పని మొదలుపెట్టే జన్యువు స్పీచ్‌లెస్, తర్వాతి మెట్లు మ్యూట్, ఫామాలవి. మునిగిన మొక్కలో ఎథిలీన్ అనే వాయు హార్మోన్ బయటికి పోలేక పేరుకుంటుంది, అబ్సిసిక్ ఆమ్లం అనే మరో హార్మోన్ తగ్గుతుంది. దాంతో మొగ్గ దారి మార్చుకుంటుంది. తమాషా ఏమిటంటే, నీళ్లలో అబ్సిసిక్ ఆమ్లం కలిపితే కొన్ని మొక్కలు మునిగి ఉండి కూడా గాలి ఆకులే వేస్తాయి.

అంటే మీ లుడ్విజియా ఆ విద్య మరిచిపోలేదు, పక్కన పెట్టిందంతే. జోస్టెరా మెరీనా అనే సముద్రపు గడ్డి సంగతి వేరు. 2016లో దాని జన్యుపటం వెలువడినప్పుడు చూస్తే, రంధ్రాలు చేసే జన్యువులే లేవు.

అయినా నీటి మొక్కలకు రంధ్రాలుండవని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చదు. నీటిమీద తేలే కలువాకు పైవైపు బోలెడుంటాయి. తామరాకు నడుమ తెల్లటి మచ్చమీద కాసిని నీళ్లు నిలిపి చూడండి. ఎండ బాగా ఉంటే అక్కడి పెద్ద రంధ్రాల్లోంచి బుడగలు వస్తాయి.

రాలని పాత ఆకు ఏదైనా మిగిలితే తడి ఒత్తి, అడుగువైపు రంగులేని నెయిల్ పాలిష్ రాయండి. ఆరాక సెల్లోటేపుతో పొర ఊడదీసి, అబ్బాయి స్కూల్లో మైక్రోస్కోపు కింద పెట్టించండి. కొత్త ఆకుకు ఆ తంటా వద్దు, చిరుగుతుంది. నీటిచుక్కలో నేరుగా స్లైడుమీద పరచండి. అందులోనూ ఒకటీ అరా కనిపిస్తే కంగారు పడకండి. మొక్కను ముంచేనాటికే మొగ్గలో మొదలైన ఆకు అయి ఉండవచ్చు.