ఒకే చిన్న కంప్యూటర్‌కు మూడు రేడియో రిసీవర్లు

ప్రశ్న: మాది తాళ్ళరేవు. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న బోర్డు కంప్యూటర్‌కు మూడు ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్స్ (యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న రేడియో రిసీవర్లు) తగిలించాను. ఒకటి విమానాల సంకేతాలకు, ఒకటి కాకినాడ రేవుకు వచ్చే ఓడల సంకేతాలకు, మూడోది వాతావరణ ఉపగ్రహ చిత్రాలకు. రికార్డింగుల కోసం హార్డ్ డిస్క్ కూడా దానికే ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఓడల ప్రోగ్రామ్ విమానాల డాంగిల్‌ను తెరుస్తోంది. అప్పుడప్పుడు ఏదో ఒక డాంగిల్ కనిపించకుండా పోతోంది. ఇంతకంటే పెద్ద కంప్యూటర్ కొనవలసిందేనా?

జవాబు: అవసరం లేదు. డాంగిల్ రేడియో సంకేతం నుంచి సెకనుకు 24 లక్షల నమూనాలు (కొలతలు) తీసినా, ఒక్కో నమూనాకు రెండు బైట్ల చొప్పున వచ్చేది 4.8 మెగాబైట్లే. మూడూ కలిసినా పదిహేను మెగాబైట్లు దాటవు కనుక మీ బోర్డుకు అది మోయలేని బరువు కాదు. పైగా ఓడలకు, ఉపగ్రహానికి అంత వేగం అక్కరలేదు. ఓడల రెండు చానళ్ళు 161.975, 162.025 మెగాహెర్ట్జ్‌ల దగ్గర పక్కపక్కనే ఉంటాయి కాబట్టి రెండింటినీ ఒకే డాంగిల్ అందుకుంటుంది.

మీరు చెప్పిన రెండు ఇబ్బందులకూ కారణాలు వేరువేరు. మొదటిది పేర్ల తికమక. ఈ డాంగిల్స్‌లో చాలావాటికి తయారీలోనే 00000001 అనే ఒకే సీరియల్ నంబరు పడుతుంది. అప్పుడు ప్రోగ్రామ్‌లు వాటిని వరుస సంఖ్యతో గుర్తించవలసి వస్తుంది, ఆ వరుస కంప్యూటర్ మళ్ళీ మొదలైనప్పుడు మారిపోవచ్చు. ఒక్కొక్క డాంగిల్‌ను విడిగా తగిలించి, ఆర్‌టీఎల్-ఈప్రామ్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో వేరువేరు సీరియల్ నంబర్లు రాసి, ఊడదీసి మళ్ళీ పెట్టండి. విమానాలు 1090 మెగాహెర్ట్జ్‌లో వస్తాయి కాబట్టి దానికి 00001090 అని పెట్టుకుంటే గుర్తుంటుంది. 0, 1, 2 వంటి ఒంటి అంకెలు మాత్రం పెట్టకండి, కొన్ని ప్రోగ్రామ్‌లు వాటిని వరుస సంఖ్యలుగానే భావిస్తాయి. ఆ తర్వాత ప్రతి ప్రోగ్రామ్ సెట్టింగులలోనూ సీరియల్ నంబరునే ఇవ్వాలి.

రెండోది విద్యుత్తు కొరత. పై 4 తన యూఎస్‌బీ పోర్టులన్నింటికీ కలిపి 1.2 ఆంపియర్లే ఇస్తుంది. ఒక్కో డాంగిల్ పావు ఆంపియరుకు పైగానే తీసుకుంటుంది, దానికి హార్డ్ డిస్క్ తోడైతే హద్దు దాటినట్టే. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ కొని డాంగిల్స్‌నూ డిస్క్‌నూ దానికి మార్చండి. చవక హబ్‌లలో కొన్ని కరెంటును వెనక్కి బోర్డులోకే పంపుతాయి, కాబట్టి రాస్ప్‌బెర్రీ పై అడాప్టర్ తీసేశాక కూడా ఆ బోర్డు హబ్ వల్లనే వెలుగుతోందేమో ఒకసారి చూసుకోండి. హబ్‌నూ రాస్ప్‌బెర్రీ పైనీ ఒకే ఇన్వర్టర్ లైనుపై ఉంచడం మంచిది. హబ్ ఒక్కటే ఆరిపోతే డాంగిల్స్ మాయమై, ప్రోగ్రామ్‌లు బిగుసుకుపోతాయి.

అన్నట్టు, మీ ఉపగ్రహ ప్రోగ్రామ్‌లో ఇంకా అమెరికా వాతావరణ ఉపగ్రహాలైన నోవా 15, 19ల పేర్లే ఉంటే తీసేయండి. వాటి సేవ 2025 ఆగస్టులో ముగిసింది. ఇప్పుడు 137 మెగాహెర్ట్జ్ పరిధిలో చిత్రాల కోసం రష్యా వారి మెటియోర్ ఉపగ్రహాల వైపు చూడాలి.