చీటీ పాడేముందు సెట్టింగ్స్ మార్చి చూడండి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మియాపూర్‌లో ఉంటూ సపోర్ట్ ఉద్యోగం చేస్తున్నాను. చేతికి 42 వేలు వస్తుంది. ఊళ్లో అమ్మానాన్నలకు 10 వేలు, గది అద్దెకు, తిండికి 14 వేలు, బైక్ ఈఎంఐ 4,200, చీటీకి 5 వేలు పోతాయి. క్రెడిట్ కార్డులో 28 వేల బకాయి ఉంది, మినిమమ్ డ్యూ కడుతూ వస్తున్నాను. అకౌంట్‌లో 11 వేలు ఉన్నాయి. నైట్ షిఫ్ట్ అయ్యాక గంటసేపు గేమ్ ఆడితేనే నాకు మనసు తేలికపడుతుంది. రెండేళ్ల క్రితం కొన్న ఆర్‌ఓజీ అలై (జడ్1 ఎక్స్‌ట్రీమ్) అనే, చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ మిషన్ మీద పెద్ద గేములు ఆగి ఆగి ఆడుతున్నాయి, ఛార్జింగ్ గంట కూడా నిలవడం లేదు. 24 జీబీ మెమరీ ఉన్న కొత్త మోడల్ షాపులో 1,15,000 చెబుతున్నారు. నెలకు 5 వేల చొప్పున 20 నెలల లక్ష చీటీలో ఆరు నెలలు కట్టాను. ఈ నెల 18న పాట ఉంది, 22 వేల దాకా పోతోంది. చీటీ పాడి, తక్కువైంది నో కాస్ట్ ఈఎంఐలో పెట్టి కొనమంటారా?

జవాబు: వద్దు. కనీసం ఈ 18న వద్దు. అలాగని ఆటలు మానేయమని చెప్పను. రాత్రంతా పనిచేసి వచ్చిన మనిషికి ఆ గంట అవసరమే, దానికి డబ్బు కేటాయించడం తప్పు కాదు. కానీ ఆ గంట బాగుండటానికి లక్షా పదిహేను వేలు అక్కర్లేదనిపిస్తోంది. అందుకే డబ్బు సంగతి కంటే ముందు మీ చేతిలో ఉన్న మిషన్ సంగతి మాట్లాడతాను.

మా అక్క కొడుకు దగ్గర ఉన్నది మీ మోడలే. నిరుడు దసరా సెలవుల్లో వాడూ కొత్తది కావాలని పట్టుబట్టాడు. సరే, ఒకసారి ఆడి చూపించు అన్నాను. గేమ్‌లో ఒక బజారు వీధి ఉంది, జనం కిక్కిరిసి ఉంటారు. వాడు ఆడించే పాత్ర ఆ సందులోకి తిరగగానే స్క్రీన్ మూలన ఫ్రేముల అంకె, అంటే సెకనుకు తెర మీద ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చెప్పే అంకె, 45 నుంచి 28కి పడిపోయేది, మళ్లీ లేచేది. మిషన్ వెనక వేలు పెడితే చుర్రుమంది. చూస్తే ఎక్కువ కరెంటు తాగే టర్బో మోడ్, 1080పీ రిజల్యూషన్, గ్రాఫిక్స్ అన్నీ హైలో ఉన్నాయి. వెనకాల మూడు గేమ్ లాంచర్లు, బ్రౌజర్‌లో పదకొండు ట్యాబులు తెరిచి ఉన్నాయి.

రిజల్యూషన్‌ని 720పీకి తగ్గించాం. 1080పీ అంటే ఒక్కో ఫ్రేముకు 20,73,600 చుక్కలు గీయాలి, 720పీ అయితే 9,21,600 చాలు. పని సగానికి పైగా తగ్గిపోతుంది. ఏడు అంగుళాల తెర మీద ఆ తేడా పెద్దగా కనపడదు. కనపడే కాస్త మసక కూడా గేమ్‌లో ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ చుక్కల బొమ్మను పెద్దది చేసి స్పష్టంగా చూపే సెట్టింగ్) ఉంటే దాంతో చాలావరకు పోతుంది. నీడల సెట్టింగ్‌ను ‘హై’ నుంచి ‘లో’ స్థాయికి దించాం, వస్తువుల పైపూతను చూపే టెక్స్చర్ల జోలికి వెళ్లలేదు. తర్వాత ఫ్రేముల్ని 40 దగ్గర కట్టేశాం. వాడు మొదట ఒప్పుకోలేదు, 60 కావాలన్నాడు. లెక్క చెప్పాను. 30 ఫ్రేముల్లో ఒక్కో బొమ్మకు 33.3 మిల్లీసెకన్లు పడుతుంది, 60లో 16.7, 40లో 25. అంటే సమయం ప్రకారం చూస్తే 40 అన్నది సరిగ్గా 30కీ 60కీ మధ్యన ఉంటుంది. సెకనుకు 120 సార్లు మారే 120 హెర్ట్జ్ తెర 40తో మూడు భాగాలుగా సమంగా తెగుతుంది కూడా. కంటిని ఇబ్బంది పెట్టేది తక్కువ అంకె కాదు, అంకె ఊగిసలాడటం. మళ్లీ ఆ బజారు వీధిలోకి వెళ్లాడు. అంకె 40 దగ్గరే నిలబడింది. వాడేమీ అనలేదు, రాత్రి పదకొండు దాకా ఆడాడు.

మీ ఛార్జింగ్ సమస్య కూడా ఇందులోనే ఉంది. మీ మిషన్‌లో బ్యాటరీ 40 వాట్-అవర్లు. టర్బోలో చిప్ ఒక్కటే 25 వాట్లు తాగుతుంది. స్క్రీన్, ఫ్యాన్ కూడా కలిస్తే గంట, గంటంపావు దాటదు. అదే 15 వాట్ల పెర్ఫార్మెన్స్ మోడ్‌లో పెడితే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. ఫ్రేములేమో వాట్లు తగ్గినంతగా తగ్గవు. 720పీలో 40 చాలనుకుంటే చాలా గేములకు 15 వాట్లు సరిపోతాయి. ఇంట్లో ఆడేటప్పుడు దాంతో వచ్చిన 65 వాట్ల ఛార్జరే పెట్టండి, ఫోన్ ఛార్జర్‌తో టర్బో పూర్తిగా అందదు. దిండు మీదో దుప్పటి మీదో పెట్టి ఆడకండి, వెనక గాలి రంధ్రాలు మూసుకుపోతే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

ఇక మెమరీ. మీ మిషన్‌లో ఉన్న 16 జీబీని విండోస్, గేమ్, గ్రాఫిక్స్ మూడూ పంచుకుంటాయి. గ్రాఫిక్స్ వాటా 4 జీబీ ఉంటే, ఆర్మరీ క్రేట్ అనే, మిషన్‌తో వచ్చే సెట్టింగ్స్ యాప్‌లో దాన్ని 6కి పెంచి రీస్టార్ట్ చేసి చూడండి. 8 పెడితే విండోస్‌కు మిగిలేది సగమే, అప్పుడు వేరే చోట ఆగుతుంది. స్టార్టప్‌లో అక్కర్లేని యాప్‌లు తీసేయండి, డ్రైవర్లు, బయోస్ (మిషన్‌ను నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్లు) అప్‌డేట్ చేయండి, గేములు దాచుకునే ఎస్‌ఎస్‌డీ నిండిపోయి ఉంటే ఆడని గేములు తొలగించండి. విండోస్‌లో మెమరీ ఇంటెగ్రిటీ అనే, వైరస్‌ల నుంచి కాపాడే రక్షణను ఆపేస్తే గేములు కొంత వేగంగా ఆడతాయని మైక్రోసాఫ్ట్ కూడా చెప్పింది. అయితే నెట్ బ్యాంకింగ్ చేసే మిషన్‌లో దాన్ని ఆపొద్దని నా సలహా. నాలుగు ఫ్రేముల కోసం అకౌంట్‌ను ప్రమాదంలో పెట్టకూడదు.

వీటన్నింటికీ అయ్యే ఖర్చు సున్నా. ప్రయాణాల్లో ఇంకా ఛార్జింగ్ కావాలంటే 65 వాట్ల పవర్ బ్యాంక్ నాలుగైదు వేలల్లో వస్తుంది. కొత్త మోడల్‌లో 80 వాట్-అవర్ల బ్యాటరీ, 24 జీబీ మెమరీ ఉన్నమాట నిజమే, మంచి మిషనే. నేను అంటున్నది, మీ జేబు దానికి ఇంకా సిద్ధంగా లేదని.

ఎందుకంటే, 22 వేలు వదులుకుని ఇప్పుడు చీటీ పాడితే మీ చేతికి 78 వేలు వస్తాయి. చివరి నెల దాకా ఆగితే, కమిషన్ 5 శాతం అనుకున్నా 95 వేలు. ఆ తేడా 17 వేలు. అక్కడితో అయిపోలేదు, ఇంకా 37 వేలు తక్కువ. ఏడాది నో కాస్ట్ ఈఎంఐ అంటే నెలకు మూడు వేల చిల్లర. వడ్డీని ధరలో తగ్గించి చూపిస్తారు కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీరే కట్టాలి. నగదుగా కొంటే దొరికే డిస్కౌంట్ చాలాచోట్ల ఇవ్వరు. అసలు వడ్డీ లేని ఈఎంఐ అనేది ఉండదనే 2013లోనే రిజర్వ్ బ్యాంక్ సున్నా వడ్డీ పథకాలు కూడదని బ్యాంకులకు చెప్పింది.

నన్ను నిజంగా కంగారు పెట్టింది మాత్రం మీ కార్డు. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసేశారు. నెలకు 3.5 శాతం వడ్డీ, దానిమీద జీఎస్టీ వేసుకుంటే 28 వేల మీద నెలకు దాదాపు 1,156 రూపాయలు. మినిమమ్ డ్యూ కడుతున్నన్నాళ్లూ అందులో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది, అసలు కదలదు. పైగా బకాయి ఉన్న కార్డు మీద కొత్తగా ఏది కొన్నా వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ. అలాంటి కార్డు మీద ఇంకో 37 వేలా?

ఇంటికి పంపేదీ, చీటీ, బైక్ అన్నీ పోను మీకు మిగిలేది 8,800. అందులో నెలకు 6 వేలు కార్డుకు కట్టండి, కార్డు గీకడం పూర్తిగా ఆపండి. ఐదు నెలలకు 1,700 బాకీ మిగులుతుంది, ఆరో నెలలో అదీ తీరిపోతుంది. ఈలోగా బ్యాంకుకు ఫోన్ చేసి, బకాయిని తక్కువ వడ్డీ ఈఎంఐగా మారుస్తారేమో అడగండి. చాలా బ్యాంకులు మారుస్తాయి, ఆ వడ్డీ కార్డు వడ్డీ కంటే బాగా తక్కువ ఉంటుంది. కార్డు తీరాక అదే 6 వేలు అకౌంట్‌లో పక్కన పెట్టండి. అమ్మానాన్నలు మీ 10 వేల మీద ఆధారపడి ఉన్నారు. ఒక్క నెల జీతం ఆగితే మీ దగ్గర ఉన్న 11 వేలు వాళ్లకు పంపేందుకు తప్ప మీ అద్దెకు కూడా చాలవు. 14 నెలల తర్వాత చీటీ డబ్బు చేతికొచ్చినప్పుడు కార్డు బాకీ ఉండదు, అకౌంట్‌లో 50 వేలకు తగ్గకుండా ఉంటుంది. అప్పటికీ కొత్తది కావాలనిపిస్తే నగదుగా కొనండి, నేను అడ్డు చెప్పను.

ఈ ఆదివారం మీకు ఆఫ్ అయితే, మిమ్మల్ని విసిగిస్తున్న ఆ గేమ్‌లో ఒకే చోట పది నిమిషాలు ఆడి ఫ్రేములెంత, ఛార్జింగ్ ఎంత తగ్గింది అని కాగితం మీద రాసుకోండి. పైన చెప్పినవి మార్చి అదే చోట మళ్లీ ఆడి పక్కనే రాయండి. ఆ కాగితం జేబులో పెట్టుకుని 18న చీటీ దగ్గరికి వెళ్లండి. మీ నెల డబ్బు కట్టి, పాట వేరేవాళ్లకు వదిలేసి ఇంటికి రండి.