నానో పదార్థాల పరిశోధనకు బ్రాండ్ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయాన్ని ఎలా బేరీజు వేయాలి?

ఒక విశ్వవిద్యాలయం తన నానో పదార్థాల పరిశోధనంతటికీ ఒకే బ్రాండ్ పేరు పెట్టింది, లోగో ఉంది, బ్రోషర్ ఉంది, పేపర్లు వందల్లో ఉన్నాయి, లోపల సరుకెంతో తెలిసేదెలా అని అడిగారు.

పేపర్ల లెక్క, ర్యాంకుల గొడవ పక్కన పెట్టండి. చూడాల్సింది ఒకటే. ఆ పదార్థాన్ని అదే లాబ్‌లో ఇంకొకరు, ఇంకో నెలలో, నోట్‌బుక్ ముందు పెట్టుకుని మళ్ళీ చేయగలరా? చేయగలిగితే అక్కడ పరిశోధన ఉన్నట్టు. చేయలేకపోతే ఉన్నది ఒక మంచి స్కాలర్, ఆయన చేతివాటం. ఆయన డిగ్రీ పుచ్చుకుని వెళ్ళిపోయిన రోజున బ్రాండ్‌లో మిగిలేది లోగో.

ఇది తేల్చడానికి కమిటీలు అక్కర్లేదు, ఒక పూట చాలు. ముగ్గురు స్కాలర్లను పిలిచి, ఎవరి ఫ్లాస్కు వాళ్ళకిచ్చి, బంగారు నానో ద్రావణం చేయమనండి. ఈ రంగంలో ఇది బాగా పాత వంటకం. బంగారం ఉన్న క్లోరోఆరిక్ ఆమ్లం 0.01 శాతం ద్రావణం 50 మిల్లీలీటర్లు తీసుకుని గట్టిగా మరిగించాలి. అందులో 1 శాతం సోడియం సిట్రేట్ ఒక మిల్లీలీటరు ఒక్కసారిగా పోయాలి. లేత పసుపు వెలిసి దాదాపు నీళ్ళలా అవుతుంది, తర్వాత బూడిద కలిసిన నీలం తిరుగుతుంది, అది ముదిరి కొన్ని నిమిషాల్లో కెంపు రంగులోకి దిగుతుంది. కణాలు సుమారు 16 నానోమీటర్లు వస్తాయి. సిట్రేట్ సగం మిల్లీలీటరే పోస్తే సుమారు 40 వస్తాయి. సిట్రేట్ తగ్గితే మొదట పుట్టే బీజాలు తగ్గుతాయి, ఉన్న బంగారమంతా ఆ కొద్దిమందికే పంచాలి గనుక ఒక్కొక్కటీ లావవుతుంది.

ముగ్గురి ద్రావణాలనూ యూవీ-విజిబుల్ మిషన్‌లో (ద్రావణం ఏ రంగు కాంతిని ఎంత పీల్చుకుంటుందో గ్రాఫ్ గీసేది) పెడితే శిఖరం కాంతి తరంగదైర్ఘ్యం 520 నానోమీటర్ల దగ్గర, ఒకరికొకరికి రెండు మూడు నానోమీటర్ల తేడాలో రావాలి. ఒకటి ఊదా రంగుకు తిరిగి, గ్రాఫ్ 600 దాటాక కూడా తోకలా సాగితే కణాలు ముద్దకట్టాయని అర్థం. అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది. ఎందుకలా అయిందో వాళ్ళు చెప్పగలరా? ఫ్లాస్కును ఆక్వా రీజియాతో (బంగారాన్ని కరిగించే ఆమ్లాల మిశ్రమం) కడగలేదు, పాత బంగారం గోడలకు అంటుకుని ఉంది. సిట్రేట్ ద్రావణం వారాల నాటిది, బూజు పట్టింది. ఒక్కసారిగా పోయాల్సింది చుక్కలు చుక్కలుగా పోశారు. బంగారు లవణాన్ని స్టీలు గరిటెతో తీశారు, అది గరిటె మీదే లోహంగా మారింది. ఇలా ఠక్కున చెప్పే లాబ్‌ను నమ్మొచ్చు. "ఒక్కోసారి అలా అవుతుందండీ" అన్న లాబ్‌లో మిగతా పదార్థాలూ ఒక్కోసారి అలాగే అవుతుంటాయి.

మా పని బంగారం కాదు అంటారా? అప్పుడు వాళ్ళ సొంత పద్ధతుల్లో అన్నిటికంటే చిన్నది ఏదో అదే చేయించండి. పరీక్ష మారదు.

ఇక బ్రోషర్‌లోని అంకెలు. వీటిని ఒకదానితో ఒకటి ముడిపెట్టి చూడటం చాలామందికి తెలియదు. ఉదాహరణకు "10 నానోమీటర్ల టైటానియా (టైటానియం ఆక్సైడ్), ఉపరితల వైశాల్యం గ్రాముకు 15 చదరపు మీటర్లు" అని రాశారనుకోండి. గుండ్రటి కణాలకు 6000ను సాంద్రతతో, నానోమీటర్లలో వ్యాసంతో భాగిస్తే గ్రాముకు వైశాల్యం వస్తుంది. టైటానియాలో ఒక స్ఫటిక రూపమైన అనటేజ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.9 గ్రాములు. అంటే 10 నానోమీటర్ల పొడికి సుమారు 154 రావాలి. 15 మాత్రమే వచ్చిందంటే ఆ పొడి వంద నానోమీటర్ల ముక్కలున్న పొడిలా ప్రవర్తిస్తోంది. ఇందులో దొంగ లెక్క లేకపోవచ్చు. 10 అన్నది ఎక్స్‌ఆర్‌డీలో (పదార్థం మీద పడిన ఎక్స్‌రేలు చెదిరే తీరును గ్రాఫ్ గీసే పరీక్ష) షెర్రర్ సూత్రంతో, అంటే గ్రాఫ్‌లోని శిఖరం వెడల్పును బట్టి, తీసిన అంకె అయి ఉంటుంది. అది ముక్క లోపలి స్ఫటికం సైజు చెబుతుంది, ముక్క సైజు కాదు. కొలిమిలో ఎక్కువ వేడి మీద కాల్చినప్పుడు స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కుని గట్టి గడ్డలైపోయాయి. ఉత్ప్రేరకంగా వాడేవాళ్ళకు కావలసింది బయటి ఉపరితలం, ప్రచారానికి అందంగా కనిపించేది లోపలి 10. బ్రోషర్ రాసినవారు రెండో దాన్ని పట్టుకున్నారు.

షెర్రర్ దగ్గరే ఇంకో రెండు పొరపాట్లు జరుగుతాయి. శిఖరం వెడల్పులో మిషన్ వల్ల వచ్చే భాగాన్ని తీసేయరు. శిఖరం వెడల్పును రేడియన్లలోకి మార్చరు. ఇవన్నీ చేసి చివర్లో "16.83 నానోమీటర్లు" అని రెండు దశాంశాలు పెడతారు. ఆ దశాంశాలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

డీఎల్ఎస్ (ద్రవంలోని కణాల నుంచి చెదిరే కాంతితో సైజు కొలిచే పద్ధతి) అంకె ఇచ్చారంటే అది నీటి పొరతో, అంటుకున్న అణువులతో కలిపి వచ్చిన సైజు అని గుర్తుంచుకోండి. పైగా చెదిరే కాంతి వ్యాసానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. 100 నానోమీటర్ల కణం ఒక్కటి, 10 నానోమీటర్ల కణాలు పది లక్షలకు సమానంగా మెరుస్తుంది. కాస్త దుమ్ము చాలు ఫలితం తారుమారు కావడానికి. టెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చిత్రాల్లోనేమో అందమైన మూల ఒకటి ఎంచుకుని చూపిస్తారు. తక్కువ మాగ్నిఫికేషన్‌లో తీసినవి, మిషన్ ఇచ్చిన అసలు ఫైళ్ళు అడగండి. కనీసం మూడు వందల కణాలు కొలిచి గీసిన హిస్టోగ్రామ్ అడగండి. ఇరవై కణాలు కొలిచి సగటు చెబితే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

పేరుకీ సరుకుకీ మధ్య దూరం ఎంతుండొచ్చో గ్రాఫీన్ (గ్రాఫైట్ నుంచి విడదీసిన అతి పలచటి కార్బన్ పొర) విషయంలో అందరికీ కనబడింది. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం వాళ్ళు 60 కంపెనీలు గ్రాఫీన్ పేరుతో అమ్ముతున్న సరుకు తెప్పించి, పరీక్షించి, 2018లో ఫలితాలు బయటపెట్టారు. గ్రాఫీన్ అంటే పది పొరల లోపు ఉండాలి. చాలా శాంపిళ్ళలో అలాంటిది పది శాతం కూడా లేదు. ఒక్కదాంట్లోనూ సగానికి మించలేదు. మిగతాదంతా మెత్తటి గ్రాఫైట్ పొడి! దానితో మిశ్రమాలు చేసి, అనుకున్న బలం రాలేదని గ్రాఫీన్‌నే తిట్టుకున్నవాళ్ళు ఎందరుంటారో.

అలాగని విశ్వవిద్యాలయాలు బ్రాండ్ పెట్టుకోకూడదని కాదు. మాంచెస్టర్ తనను గ్రాఫీన్ పుట్టిల్లని చెప్పుకుంటుంది, ఆ హక్కు దానికి ఉంది. అక్కడ 2004లో పేపరు వచ్చింది, 2010లో అక్కడి శాస్త్రవేత్తలు గైమ్, నొవొసెలోవ్‌లకు నోబెల్ వచ్చింది, 2015లో నేషనల్ గ్రాఫీన్ ఇన్‌స్టిట్యూట్ భవనం తెరిచారు. ముందు పని, తర్వాత పేరు. మీరు చూస్తున్న చోట ఈ వరస తిరగబడిందేమో చూడండి.

దానికి నేను వాడే పద్ధతి ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ. పేరు ఏ తరగతి కింద నమోదైందో ఎవరైనా చూడొచ్చు. రసాయనాలు 1వ తరగతిలోకి వస్తాయి, శాస్త్ర సేవలు 42లోకి, చదువులు, కార్యక్రమాలు 41లోకి. పేరు 41లో మాత్రమే ఉంటే, ఆ పేరుతో పదార్థం అమ్మే ఆలోచన వాళ్ళకే లేదనుకోవచ్చు, అది సదస్సుల బ్రాండ్. పేటెంట్లూ అంతే. దరఖాస్తు వేరు, మంజూరు వేరు. మంజూరైనవాటికి పునరుద్ధరణ రుసుము కడుతున్నారా చూడండి. రెండు మూడేళ్ళకే వదిలేశారంటే ఆ పేటెంటు మీద వాళ్ళకే నమ్మకం పోయింది.

అదే దారిలో ఇంకో బాధ చెప్పుకోవాలి. ఆకు రసంతో వెండి నానో కణాలు! సిల్వర్ నైట్రేట్‌లో ఏదో ఆకు రసం పోయడం, గోధుమరంగు రావడం, 420 దగ్గర శిఖరం చూపడం, బాక్టీరియా ప్లేటు మీద అవి పెరగకుండా మిగిలిన వలయం కొలవడం. మొక్క మారితే ఇంకో పేపరు. అంతే వెండి ఉన్న ఉత్త సిల్వర్ నైట్రేట్‌తో, ఉత్త ఆకు రసంతో, కణాలను సెంట్రిఫ్యూజ్‌లో దించేశాక మిగిలిన పైనీటితో పోల్చకపోతే బాక్టీరియాను చంపింది కణాలో, కరిగిన వెండి అయాన్లో ఎలా తెలుస్తుంది? పేపర్ల జాబితాలో సగం ఇవే ఉంటే మీ అంచనాలో ఆ సగం కొట్టేయండి. సూపర్‌కెపాసిటర్ (విద్యుత్తును నిల్వ చేసి వేగంగా ఇచ్చే పరికరం) అంకెలు చూసినా జాగ్రత్త. మూడు ఎలక్ట్రోడ్లతో కొలిచి గ్రాముకు 400 ఫారడ్లని రాస్తే, రెండు ఎలక్ట్రోడ్ల అసలు సెల్‌లో మొత్తం పదార్థం బరువుకు వచ్చేది 100. చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రామే పూసి కొలిచారా, పది పూశారా అన్నదీ అడగాలి. పూత పలచగా ఉంటే ఏదైనా బ్రహ్మాండంగానే పనిచేస్తుంది.

మిషన్లున్న గదికి వెళ్ళినప్పుడు మిషన్ ధర అడగకండి, లాగ్‌బుక్ అడగండి. టెమ్ నెలకు ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని రోజులు మూలన పడింది, సర్వీసు ఒప్పందం ఎప్పటివరకు ఉంది, ఆపరేటర్‌ది పర్మనెంటు ఉద్యోగమా లేక ఏటా మారే స్కాలరా. మంచి ఆపరేటర్ ఒక్కరుంటే పాత మిషన్ కూడా మంచి చిత్రాలిస్తుంది.

చివరిగా అల్మరా తెరిపించండి. బ్రాండ్ పేరున్న పదార్థం ఏడాది కిందటి సీసా ఒకటి ఉండాలి. దాని మీద తేదీ, బ్యాచ్ నంబరు, నోట్‌బుక్ పేజీ నంబరు ఉండాలి. ఆ సీసానూ, ఈ నెల సీసానూ ఒకే రోజు, ఒకే మిషన్‌లో, ఒకే ఆపరేటర్ చేత కొలిపించి, రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి వేసి ఇమ్మనండి. సీసాయే లేదన్నారంటే మిగతావి చూడనక్కర్లేదు.