మోచేయి ఒక్కటే కదలాలి

అమ్మలూ,

ఎమ్‌వీపీ కాలనీ ఇంటి మేడ మీద డంబెల్స్‌తో బైసెప్స్ కర్ల్, అదే మోచేయి మడిచి బరువును భుజం దాకా ఎత్తే వ్యాయామం, మొదలుపెట్టావని, అదీ ఐదేసి కిలోలవి కొన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల ఇనుము పట్టిందని ఆ సాయంత్రమంతా మీ అత్తయ్యకు చెబుతూనే ఉన్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మొదటిరోజే ఐదు కిలోలేమిటే? వాటిని పక్కన పెట్టి రెండు కిలోల జత తెచ్చుకో.

పాదాలు భుజాలంత ఎడంగా ఉంచు. అరచేతులు ముందుకు, మోచేతులు పక్కటెముకలకు ఆనించి. మణికట్టు వంచకు. ఎత్తేటప్పుడు ఊపిరి వదులు, దించేటప్పుడు పీల్చు.

నా భయమంతా నీ నడుము గురించే. మా తాలింఖానాలో, అదే వ్యాయామశాలలో, ఓడరేవులో పనిచేసే కుర్రాడొకడు ఉండేవాడు. చేతుల్లో నాకన్నా బలం. కానీ పక్కవాడి కన్నా ఎక్కువ ఎత్తితేగాని వాడికి తృప్తి లేదు. బరువు చేతికి మించగానే మోకాళ్ళు వంచి, నడుము వెనక్కి విరిచి, ఆ ఊపుతో పైకి లేపేవాడు. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టేవారు. చేయాల్సిన పని కండ తప్పించుకుంటే నడుము మోసేది. ఒకరోజు అలా విరిచి అక్కడే కూలబడ్డాడు. నెలల తరబడి చెప్పులు తొడగడానికి కూడా వాళ్ళమ్మే వంగాల్సి వచ్చింది. ఎంత మంచి పిల్లవాడో! ఆ చప్పట్లు కొట్టినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి వీడియోలు చూస్తున్నావట. చూడు. మన ఆమదాలవలస వైపు బిడ్డ 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలతో కాంస్యం గెలిస్తే నాకు కన్నీళ్ళు ఆగలేదు. కానీ అది కాళ్ళు, తుంటి, వీపు అన్నీ కలిసి లేపే ఎత్తు. నీ వ్యాయామంలో మోచేయి తప్ప ఏదీ కదలకూడదు.

అందుకే కొన్నాళ్ళు గోడకు వీపు ఆనించి చెయ్యి. వీపు గోడను వదిలిందంటే బరువు ఎక్కువైనట్టే. దించేటప్పుడు మూడు లెక్కపెట్టు. కిందికి దిగేటప్పుడూ కండకు పని ఉంటుంది, జారవిడిస్తే అది దక్కదు. పదేసి చొప్పున రెండు విడతలు చాలు, మర్నాడు చేతులకు సెలవు. విశాఖ ఉక్కకు అరచేతులు ఊరికే చెమరుస్తాయి, విడతకోసారి పిడి తుడుచుకో.

కండ సలిపితే సరే. మోచేతి మడతలోనో నడుములోనో పోటు పుడితే వెంటనే ఆపి నాకు ఫోను చెయ్యి. అమ్మ మాన్పించేస్తుందని దాచకు తల్లీ, తనతో నేను మాట్లాడతాను.

మీ మామయ్య